పుట్టిలో రెండో మనిషి

"ఈ రవ్వ చేపలు నిన్నటివి కదూ?"

కరెంటు తీసే సింగూరు డ్యాం వెనక గట్టున, వాన తుంపరలో, పొద్దున్నే జాలరి చంద్రకాంత్‌ను అడగకూడని మాట అది. రమ్యశ్రీ అడిగింది.

"ఇప్పుడే వలల నుంచి తీసిన మేడం."

"అందరూ అదే అంటారండి."

"అయితే నాతోని రాండ్రి. ఇంకో వల ఉన్నది. మీ ముందటనే ఎత్తుత."

కోపంలో అన్నాడు. వస్తుందనుకోలేదు. ఆమె స్కూటీ స్టాండ్ వేసి, ఐస్ పెట్టెకు మూత పెట్టి, చెప్పులు విడిచి అతని పుట్టి ఎక్కేసింది.

రమ్యశ్రీ కాజీపల్లి మందుల ఫ్యాక్టరీలో ఉద్యోగం మానేసి వెలిమెల అపార్ట్‌మెంట్లకు తాజా చేపలు అమ్ముతోంది. మధ్యలో దళారీ ఉండకూడదని పంతం. నీళ్ల మీద తడిసేవాడికి చిల్లర, గట్టున గొడుగు పట్టినవాడికి లాభం. ఇదెక్కడి న్యాయం అంటుంది. నిజమే కదా.

పుట్టి అంటే గుండ్రటి బుట్టలాంటి పడవ. ఒకరు తెడ్డు వేయాలి, ఇంకొకరు వల లాగాలి. ఇన్నాళ్లూ చంద్రకాంత్‌కు వాళ్లమ్మ ఆగమ్మ తెడ్డు వేసింది. ఇప్పుడామెకు భుజం లేవడం లేదు. ఒక్కడే తెడ్డు వదిలి వల పట్టుకుంటే గాలి పుట్టిని పక్కకు తోసేస్తోంది.

"తెడ్డు ఇలా ఇవ్వండి," అంది రమ్యశ్రీ. "మాది గోదావరి జిల్లా."

ఇచ్చాడు. పుట్టి ఉన్నచోటే గిరగిరా తిరిగింది.

"మీ గోదావరిల గిట్లనే పోతరా?"

"మా పడవలకి ముందూ వెనకా ఉంటాయండి. దీనికేది ముందు?"

"నువ్వు యాడికి చూస్తే గదే ముందు."

ఆమె అతని వైపు చూసింది. అతను వల సంగతి మర్చిపోయాడు. వలలోని రవ్వ తోక విదిలించి అతని మొహాన నీళ్లు కొట్టింది. ఆమె నవ్వు గట్టు దాకా వినిపించింది.

ఆ తర్వాత వారం వారం వచ్చింది. తెడ్డు ఆమెదే అయింది. గట్టున ఆడవాళ్లు ఆమెను చూసి ముసిముసిగా నవ్వేవాళ్లు. అభిమానం అనుకుంది.

సంగతి వేరు. ఆ గట్టున ఒక పుట్టి ఎక్కేది మొగుడూ పెళ్లామూ, లేదంటే తల్లీ కొడుకూ, అన్నదమ్ములు. పరాయి పిల్ల ఒకడి పుట్టిలో తెడ్డు పట్టిందంటే వాడితో పెళ్లి కుదిరినట్టే. చంద్రకాంత్‌కు ఇది తెలుసు. చెబితే రాదేమోనని నోరు మూసుకున్నాడు.

ఒకరోజు ఆగమ్మ ఆమె చేతిలో జొన్నరొట్టె పెట్టింది. "తిను కోడలా. మీ నాయనతోని మాట్లాడనీకె ఎప్పుడు రమ్మంటవ్?"

రమ్యశ్రీ తెల్లబోయింది. ఆగమ్మ ఆచారమంతా విడమరిచి చెప్పింది.

"మీకు తెలుసా?" అని చంద్రకాంత్‌ను అడిగింది.

"తెలుసు."

"మొదటి రోజు నుంచీ?"

"చెప్తే నువ్వు రావేమోనని..."

"మీకంటే దళారీ నయమండి. వాడు రేటు చెప్పి మరీ ముంచుతాడు."

రొట్టె ఆగమ్మ చేతిలో పెట్టేసి వెళ్లిపోయింది. తర్వాతి వారం రాలేదు. ఆపై వారమూ రాలేదు.

అడగకుండా రాబట్టుకున్నది ఒప్పుకోలు కాదు. దానికి ప్రేమ అని పేరు పెట్టినా కాదు. చంద్రకాంత్‌కు ఆలస్యంగా అర్థమైంది.

అందరూ చేపలు తూకం వేసే వేళ గట్టు మీద నిలబడి గట్టిగా చెప్పాడు. "రమ్యశ్రీ నాకేం గాదు. ఈ గట్టు ఆచారం ఆమెకు తెల్వది, నేను చెప్పలే. తప్పు నాది. ఇగ ఎవ్వరూ ఆమెను గట్ల అనొద్దు."

"ఇజ్జత్ తీసినవ్ గదరా," అంది ఆగమ్మ.

"నాది తీసుకున్ననే. ఆమెది గాదు."

నేరుగా ఆమె ఉండే, వెలిమెల దగ్గరి రామచంద్రాపురానికి బస్సెక్కాడు. ఓసారి ఆమె మర్చిపోయిన ఐస్ పెట్టె తీసుకెళ్లి ఇచ్చాడు గనుక ఇల్లు తెలుసు. తలుపు తీసింది ఆమె తండ్రి సూర్యప్రకాశరావు, అక్కడి కరెంటు యంత్రాల ప్లాంటులో పనిచేసి రిటైరైన మనిషి. చేపల వాసనకు ముక్కు చిట్లించినా, కూర్చోబెట్టి తనే టీ కాచి ఇచ్చాడు.

రమ్యశ్రీ గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడింది.

"నువ్వు నాకేం గావని గట్టున అందరికీ చెప్పిన," అన్నాడు చంద్రకాంత్. "నువ్వు వచ్చినా రాకున్నా ఎవరూ ఏమనరు. తప్పయింది. ఇంకొకటి అడగనీకె గూడ వచ్చిన."

"అడగండి."

"నన్ను పెండ్లి చేసుకుంటవా?"

సూర్యప్రకాశరావు కళ్లజోడు తీశాడు. "నా ఇంట్లో కూర్చుని అడుగుతున్నావు, నన్నడగవేంటయ్యా?"

"చేసుకునేది ఆమె గద సార్."

పెద్దాయన కళ్లజోడు తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. అతన్ని ఇంకోసారి చూశాడు. "నాకైతే నచ్చాడమ్మా. నువ్వేమంటావ్?"

"ఆలోచించుకోవాలి నాన్నా."

"ఎంతసేపు?"

"ఆయన టీ తాగేంతసేపు."

పొగలు కక్కే టీని చంద్రకాంత్ ఒక్క గుక్కలో మింగేశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"కాలిందా?"

"కాలింది గని, నువ్వు చెప్పు."

"చేసుకుంటానండి," అంది రమ్యశ్రీ, చన్నీళ్ల గ్లాసు అందిస్తూ. "ముందు ఇది తాగండి."