అర్థమయ్యేలా రాయండి, మేడమ్!

తలుపైనా తట్టకుండా లోపలికొచ్చిన ఆ యువకుడు కూర్చోమనేదాకా కూడా ఆగలేదు. చేతిలోని తొమ్మిది పేజీల రిపోర్టును బల్లమీద పెట్టి, "ఇది రాసింది మీరేనా?" అన్నాడు.

"నేనే. మీరెవరు?"

"పిచ్చుకకి మేనమామని."

చిన్న మేడమ్‌కి వెంటనే గుర్తొచ్చింది. పిచ్చుక మూడో తరగతి పిల్ల. అసలు పేరు వేరే ఉన్నా, ఇంట్లో అందరూ అలాగే పిలుస్తారని వచ్చీరాగానే తనే చెప్పుకుంది. పోయిన నెల ఈ గదిలోనే కూర్చుని, ఇచ్చిన పరీక్షలన్నీ చేసింది. పిల్లల మానసిక పరీక్షలు చేసే ఆ క్లినిక్‌లో సైకాలజిస్టులు ఇద్దరే. తల పండినావిడ పెద్ద మేడమ్. ఉద్యోగంలో చేరి ఇంకా ఏడాది తిరగని ఈ అమ్మాయి చిన్న మేడమ్.

"రిపోర్టులో తప్పేమైనా ఉందా?"

"తప్పో ఒప్పో తెలిస్తే కదండీ! ఇదిగో, ఈ లైను ఒక్కసారి పైకి చదవండి."

చదివింది. "ప్రాసెసింగ్ స్పీడ్ సూచికలో గణనీయమైన న్యూనత గమనించబడినది. తదనుగుణమైన విద్యాపరమైన జోక్యము పరిగణింపదగును."

"అంటే ఏంటండీ?"

"అంటే... అదే."

"మా ఇంట్లో న్యూనత అన్న ఒక్క ముక్క అర్థమైంది. మా అక్క నిన్నట్నుంచి మెతుకు ముట్టలేదు. స్కూలువాళ్లు కూడా ఆ ముక్కే పట్టుకుని, పిల్లని ఒక క్లాసు కిందికి దించేస్తామంటున్నారు. సోమవారం మీటింగ్."

ఆమె రిపోర్టు చేతిలోకి లాక్కుంది. "అయ్యో, దించమని నేనెక్కడ రాశాను?"

"దించొద్దని ఎక్కడ రాశారు?"

తప్పు తనదని తోచినప్పుడల్లా ఆమెకు కోపం ముంచుకొస్తుంది. "ఇది సైంటిఫిక్ రిపోర్టండీ. కబుర్లు చెప్పినట్టు రాయకూడదు."

"కబుర్లు నాకూ వద్దు. నేను రేడియోలో ఫుట్‌బాల్ కామెంటరీ చెప్తాను. బంతి ఎవరి కాలి దగ్గరుందో చెప్పకుండా 'గమనించబడినది' అంటూ కూర్చుంటే జనం రేడియో కట్టేసి పోతారు. ఈ తొమ్మిది పేజీల్లో మా పిచ్చుక ఎక్కడుందో చూపించండి. వెళ్లిపోతాను."

ఆమె విసురుగా పేజీలు తిప్పింది. తర్వాత నెమ్మదిగా తిప్పింది. అంకెలున్నాయి, సూచికలున్నాయి, పట్టికలున్నాయి. బ్లాకులు పేరుస్తూ తనలో తను పాడుకున్న పిల్ల మాత్రం ఎక్కడా లేదు.

"రేపు మీ అక్కగారిని తీసుకురండి," అంది తల ఎత్తకుండా. "మళ్లీ రాస్తాను."

ఆ సాయంత్రం పెద్ద మేడమ్ రిపోర్టు చూసి కళ్లద్దాలు తీసేసింది. "అంకె ఒక్కటి కూడా కదపకు. మాటలు మాత్రం మొత్తం మార్చు. నేనూ కొత్తలో ఇలాగే రాసేదాన్ని. నా రిపోర్టులు నాకే అర్థమయ్యేవి కావు."

మర్నాడు ఒకటే వాన. అక్కాతమ్ముళ్లిద్దరూ తడిసి ముద్దయి వచ్చారు. అక్క కుర్చీ అంచున కూర్చుంది. తమ్ముడు కిటికీకి ఆనుకుని నిలబడ్డాడు.

చిన్న మేడమ్ తను కొత్తగా రాసిన మొదటి వాక్యం చదివింది. "బాలిక యొక్క శాబ్దిక అవగాహన..."

"ఫౌల్!" అన్నాడతను.

"ఒరేయ్, నోర్ముయ్!" అంది అక్క.

"లేదండీ, నిజంగానే ఫౌల్," అని చిన్న మేడమ్ పెదవి కొరుక్కుని కొట్టేసింది. "పాపకి మాటలు బాగా అర్థమవుతాయి. ఇందులో తన వయసు పిల్లలకంటే ముందుంది. ఇది ఓకేనా?"

"గోల్!"

ఆమెకు నవ్వొచ్చింది. ఆపుకోబోయి ఆపుకోలేకపోయింది. నవ్వితే ఆమె ఎడమ బుగ్గమీద చిన్న సొట్ట పడింది. కామెంటేటర్ చటుక్కున కిటికీ వైపు తిరిగి, వానను మహా శ్రద్ధగా చూడసాగాడు.

ఇక కలం పరుగెత్తింది. పాప చూసినదాన్ని కాగితంమీద పెట్టడానికి ఎక్కువ సేపు పడుతుందని రాసింది. స్టాప్‌వాచ్ బల్లమీద కనపడగానే చేతులు ఒళ్లో దాచేసుకుందనీ, గడియారం లేకుండా అవే లెక్కలిస్తే అన్నీ చేసిందనీ రాసింది. చివరి వాక్యం గట్టిగా చదివింది. "ఈ ఫలితాలను బట్టి పాపను కింది తరగతికి దించవలసిన అవసరం కనిపించడం లేదు. పరీక్షల్లో అదనపు సమయం ఇవ్వండి."

అక్క కళ్లు తుడుచుకుంది. "ఇది మా పిల్లేనండీ. అచ్చంగా మా పిల్లే."

చిన్న మేడమ్ తలెత్తేసరికి అతను తననే చూస్తున్నాడు. ఈసారి ఆ చూపులో అల్లరి లేదు. ఆమెకు ఎందుకో కలం మూత దొరకలేదు.

సోమవారం మీటింగుకి అక్కాతమ్ముళ్లతో పాటు చిన్న మేడమ్ కూడా వెళ్లింది. హెడ్‌మిస్ట్రెస్ ఆ రిపోర్టు మొదట్నుంచి చివరిదాకా చదివింది. చదివి, "ఇంతేనా సంగతి? ముందే చెప్పొచ్చు కదమ్మా! టైమిస్తాం, దానికేం," అంది. క్లాసు దించే మాట అక్కడితో ఆగిపోయింది.

స్కూలు గేటు దగ్గర మళ్లీ చినుకులు మొదలయ్యాయి. అతను గొడుగు విప్పి చిన్న మేడమ్‌కి పట్టాడు. తన భుజం తడుస్తున్నా పట్టించుకోలేదు. గలగలా మాట్లాడే మనిషి కాస్త తడబడ్డాడు కూడా. "మేడమ్, ఒక టీ... తాగుదామా?"

ఆమె మొహం వెలిగింది. అంతలోనే ఏదో తట్టినట్టు ఆరిపోయింది. "వద్దండి," అనేసి వానలోకి నడిచి వెళ్లిపోయింది.

నేరుగా పెద్ద మేడమ్ గదికి వెళ్లింది. "మేడమ్, పిచ్చుక కేసు ఇకనుంచి మీరు చూడాలి. వచ్చే ఏడాది మళ్లీ పరీక్ష చేసేటప్పుడు నా వస్తునిష్ఠతకు భంగం వాటిల్లే పరిస్థితులు గమనించబడుతున్నవి..."

"తెలుగులో చెప్పమ్మా."

"వాళ్ల మావయ్య నచ్చాడండీ!"

పెద్ద మేడమ్ పడీ పడీ నవ్వింది. నవ్వుతూనే ఫైలు తన వైపు లాక్కుంది.

రెండురోజులు తిరక్కముందే అతను ఊడిపడ్డాడు. ఈసారి కూడా తలుపు తట్టలేదు.

"కేసు మార్చేశారని ఫోనొచ్చింది. నేను టీ అడిగినందుకేనా? తప్పు నాది. కావాలంటే మళ్లీ మీ కంట పడను. పిచ్చుకని మాత్రం వదిలెయ్యకండి. అది మీ పేరే జపిస్తోంది!"

"పిచ్చుకని వదల్లేదండీ. ఇంకా అనుభవమున్న చేతుల్లో పెట్టాను."

"ఎందుకు?"

ఆమె కలం కింద పెట్టింది. "మావయ్యతో టీ తాగుతూ మేనకోడలికి పరీక్షలు చెయ్యకూడదు. రెండింట్లో ఒకటే కుదురుతుంది. నాకు టీ కావాలి."

"అంటే... మీరు..."

"మీరంటే ఇష్టం. ఇంతకంటే స్పష్టంగా నాకు రాయడం రాదు."

"నాకూ! నాకు మొదటిరోజునుంచే! అంత కోపంలోనూ!"

"ఒరేయ్!" గుమ్మంలోంచి అక్క గొంతు. వెనకాలే వచ్చి ఎంతసేపట్నుంచి నిలబడిందో, ఆమె మొహమంతా నవ్వే. పక్కన పిచ్చుక రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని ఎగురుతోంది. "నిలబడి అరుస్తావేంట్రా? ఆ అమ్మాయిని ఇంటికి తీసుకురా. అమ్మకి చూపిద్దాం. టీ నేను పెడతాను."

"అక్కా, మొదటి టీ మా ఇద్దరిదే! ఇంటికి రేపు!" అని అతను చెయ్యి చాచాడు.

చిన్న మేడమ్ బల్లమీది కాగితాలన్నీ ఎక్కడివక్కడే వదిలేసి ఆ చెయ్యి పట్టుకుంది.