పాలలో కరిగిన మన్ను

అది అర్ధరాత్రి కాదు... అంతకంటే భయంకరమైన మిట్టమధ్యాహ్నం! 1933, నడివేసవిలో నిప్పులు కురిసే అగ్నినక్షత్రపు రోజులు. కోవిల్పట్టి చుట్టుపట్ల నల్లరేగడి చేలు దాహంతో నోళ్లు తెరిచి పడి ఉన్నాయి. మనిషి నీడ మనిషి కాళ్ల కిందికే దూరిపోయే ఆ ఘడియలో దుష్టశక్తులు స్వేచ్ఛగా సంచరిస్తాయని ఆ ఊరి పసిపిల్లలకు కూడా తెలుసు. మబ్బులేని ఆకాశం ఉరిమింది... పట్టపగలే గుడ్లగూబ కూసింది!

కుళందైసామి నాయకర్ ఇంట్లో ఆయన భార్య తంగమ్మాళ్ పదకొండు రోజులుగా చావలేక పడి ఉంది. డాక్టరు చేతులెత్తేశాడు. బంధువులు ఒక్కొక్కరే వచ్చి ఆమె నోట్లో చెంచాడు పాలు పోశారు. ఆ పాలతో ప్రాణం పోవాలి. పోలేదు! ఆశ ఏదో మిగిలితే ఉసురు కదలదని వాళ్ల నమ్మకం. రైతు ఇంటి మనిషికి ఆశ చేని మీద కాక మరి దేని మీద ఉంటుంది? ముప్పై ఏళ్లు ఆమె కలుపు తీసిన పత్తిచేని మన్ను తెచ్చి, పాలలో కరిగించి, మూడుసార్లు పోశారు. అయినా పోలేదు.

నిజం చెప్పొద్దూ, కుళందైసామికి లోలోపల అది సంతోషమే. ఊళ్లో పెద్దమనిషే గాని, ఆమె లేకపోతే ఆయనకు పంచె ఎక్కడుందో కూడా తెలియదు. అందుకే కయత్తారు నుంచి సోలైమలై అనే క్షుద్రోపాసకుణ్ణి రప్పించాడు. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే!

సోలైమలై ఆమె తల దగ్గర మనిషి పుర్రె పెట్టాడు. నల్లదారంతో ఆమె కాలి బొటనవేలిని దానికి బిగించాడు. వికృతమైన మంత్రోచ్చారణతో ఇల్లంతా కంపించింది... తంగమ్మాళ్ కళ్లు తెరుచుకున్నాయి. ఆ కళ్లలో నల్లగుడ్లు లేవు! జుట్టు విరబోసుకుని, ఎవరిదో మగగొంతుతో "హా... హా..." అని అట్టహాసం చేసింది.

"నాయకరే! 'ఈ ఉసురు నీది' అని మూడు తడవలు నాతో చెప్పండి. లేచి నడుస్తుంది!" అన్నాడు సోలైమలై.

లేచి నడిచేది భార్య కాదు, వాడి బానిసప్రేతం. ఆ సంగతి ఆయనకు తెలియకపోయినా, గోడవార నిలబడ్డ ఆయన అక్క పొన్నుత్తాయికి అర్థమైపోయింది.

"వొద్దు తమ్ముడా! అది మన తంగం కాదు!"

"ఈ ఉసురు నీది..." ఒకసారి అన్నాడు. రెండోసారీ అన్నాడు! మూడోసారికి నోరు తెరిచాడు...

అంతలో ఆ మగగొంతు చీల్చుకుని సన్నని స్వరం ఒకటి వచ్చింది.

"మామా... చేని మీద నాకేమి ఆశ? చేన్ని కొడుకులు చూసుకొంటారు. నిన్ను ఎవురు చూస్తారు?"

కుళందైసామి నిలువునా కూలిపోయాడు. తప్పు మన్ను పోశారు! పదకొండు రోజులుగా ఈ మనిషిని ఆపింది చేను కాదు, తనే. వాకిట్లోకి పరుగెత్తి తన పాదం కింది మన్ను గోకి పాలలో కలిపాడు.

"ఒరేయ్! కాలడి మన్ను ఇచ్చినవాడు బతకడు! నువ్వూ దాని వెనకే పోతావు!" సోలైమలై కేకలు పెట్టాడు.

"పోతే పోతాను." చెంచా ఆమె పెదవులకు ఆనించాడు. మాట వణకలేదు. "గంజి నేనే కాచుకొంటాను, తంగం. నువ్వు పో."

ఆమె గుటక వేసింది. కళ్లలోకి నల్లగుడ్లు తిరిగొచ్చాయి... ఒక్కసారి మొగుణ్ణి చూసి, మూసుకుంది.

ఫట్! దారం తెగింది. పట్టుకున్న చెయ్యే వదిలేశాక ఏ మంత్రం నిలుస్తుంది? కట్టు తెగిన క్షుద్రశక్తి కట్టినవాణ్ణే కాటేస్తుంది. పుర్రె బద్దలైంది! తెగిన దారం పాములా లేచి సోలైమలై మెడకు చుట్టుకుంది. వాడు గిలగిలా కొట్టుకుంటూ మండుటెండలో వాకిట పడ్డాడు. వాడి నోట్లో పాలు పోయడానికి ఒక్కరూ ముందుకు రాలేదు.

కుళందైసామి ఆమె పక్కనే పడుకుని చావు కోసం ఎదురుచూశాడు. పొద్దు వాలింది. చావు రాలేదు. ఆమె ఆయన్ని తీసుకుపోలేదు.

అక్క వచ్చి భుజం పట్టుకుని లేపింది. "నిన్ను ఇడిసిపెట్టి పోయింది తమ్ముడా. ఇప్పుడు ఏడువు."

పదకొండు రోజులుగా తడవని ఆ కళ్లు తడిశాయి. అంత పెద్దమనిషీ గొల్లుమన్నాడు.