కడిగిన వేర్లు

పోయినవి ఆవ మొక్కలు. ఎఫ్ఐఆర్‌లో ఆ మాట రాస్తుంటే ఎస్సై సాయిప్రసాద్‌కు ఒళ్లు మండింది.

2005 డిసెంబర్. బాన్సువాడ శివారులో పాత బ్యాటరీలు కరిగించే షెడ్డు మూతపడి ఏళ్లయింది. మట్టిలో సీసం మాత్రం మిగిలింది. దాన్ని వేర్లతో లాగే ఆవ నారును, దానికి తోడుగా మట్టి బ్యాక్టీరియాను పెంచుతోంది సైంటిస్టు వైశాలి. ఉదయం ఆరింటికి చూస్తే నారుమడి ఖాళీ.

ఆమె అనుమానం వాచ్‌మన్ హర్యా మీద. తండాలో అతనికి మేకలున్నాయి. సాయంత్రానికి దొంగ దొరక్కపోతే హర్యా ఉద్యోగం ఊడుతుందని తేల్చి చెప్పింది.

"రాత్రి ఎక్కడున్నవ్?"

"జరమొచ్చి పండుకున్న సార్."

"మేకలకేసినవా?"

"విషం గుంజే ఆకని మేడమే చెప్పింది. నా మేకలను నేనే సంపుకుంటనా?"

పై నుంచి ఫోన్ మీద ఫోన్. గడ్డి కేసు తేలిందా అని వెటకారం. సాయిప్రసాద్ పళ్లు కొరుకుతూ మడి చుట్టూ మళ్లీ తిరిగాడు. కొడవలి కోత లేదు. ప్రతి మొక్కా వేర్లతో సహా పీకేశారు. పక్క కాలువ ఒడ్డున కొత్త బురద, తడి గడ్డితో వేసిన రెండు ముడులు. పొద్దున వాటిని దాటుకుంటూనే పోయాడు. తన మీద తనకే కోపమొచ్చింది.

షెడ్డు నీళ్లు పారిన దారి పట్టుకుని చెరకు తోట అవతలికి నడిచాడు. అందరినీ అక్కడికే పిలిపించాడు.

అది భూమవ్వ అనే ముసలి రైతు చేను. నిండా వరసలు వరసలుగా ఆవ మొక్కలు. అన్నీ తలలు వాల్చేశాయి.

"మేకల కోసమైతే వేర్లు కడిగి కట్టలు కట్టరు," అన్నాడు సాయిప్రసాద్. "నాటేవాళ్లే కడుగుతారు. సీసం పారిన చేను ఇటువైపు ఇదొక్కటే."

భూమవ్వ బుకాయించలేదు. "ఆరేండ్ల సంది గింజ పండలే. మా చేను గూడ సూడుమని మేడమోళ్లను ఎన్నిసార్లో అడిగిన. షెడ్డు వరకే మా హద్దన్నరు. హర్యా మీదికొస్తదని ఎరుకలేకుండె."

వైశాలి ఒక మొక్కను పీకి చూసింది. వేర్లు తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి.

"అవ్వా, సగం మందు వేర్లకంటిన మట్టిలోని బ్యాక్టీరియాలోనే ఉంది. అది కాలువ పాలైంది."

భూమవ్వ ఆమె ముఖంలోకి చూసింది.

"నారు కడగకుండ ఎవలు నాటుతరు బిడ్డా? కడగొద్దని జర చెప్పుంటే అయిపోతుండె గద."

హర్యాను ఇంటికి పొమ్మన్నాడు సాయిప్రసాద్. కేసు తేలినా అతని చిరాకు తగ్గలేదు. ఆ చేను పాడైనందుకు ఎవరి మీద ఎఫ్ఐఆర్ రాయాలో అతనికి తోచలేదు.