కలతూకం

అన్నాల వేళ దాటిపోయినా పలాసలోని ఆ జీడిపప్పు షెడ్డులో ఎవరూ టిఫిన్ డబ్బా తెరవలేదు. ఆడవాళ్లంతా ఒక మడతమంచం చుట్టూ మూగి, నిద్రపోతున్న తవిటమ్మ మొహంలోకి చూస్తున్నారు. ఆమె చెవుల వెనక రెండు చిన్న బిళ్లలు అంటించి ఉన్నాయి. పెదవులు కదిలినప్పుడల్లా "ఏటో అంటంది" అని ఒకరంటే, "ఊరుకోయే, కల సెదిరిపోద్ది" అని ఇంకొకరు గదమాయిస్తున్నారు.

ఒప్పందాలను పెద్దమనుషులు తలుపులు వేసుకుని రాసుకునే కాలం ఎప్పుడో పోయింది. బంగాళాఖాతం చుట్టూ ఉన్న ఎనిమిది దేశాలు సుంకాలు ఎత్తేసి ఒకే అంగడి కావాలా వద్దా అన్నది ఇప్పుడు కలతూకం మీద తేలాలి. పంటలు, ధరలు, ఓడలు, రోగాలు అన్నీ దిగమింగిన ఆ యంత్రం, పదేళ్ల తర్వాత సరిగ్గా ఇదే తేదీని రెండు కలలుగా అల్లి ఇస్తుంది. ఒప్పందం కుదిరితే వచ్చే రోజు 'తెరిచిన రేవు', కుదరకపోతే వచ్చేది 'మూసిన రేవు'. పనిచోటుకు ఒకరు చొప్పున రెండూ కని, తోటివాళ్లకు ఉన్నదున్నట్టు చెప్పాలి. ఆ తర్వాత అందరూ ఓటేస్తారు. షెడ్డులో తవిటమ్మను ఎంచుకోవడానికి పెద్దగా ఆలోచించలేదు. ఇరవై ఆరేళ్లుగా పప్పు ఏరుతూ, ఒక్క విరిగిన బద్దను కూడా నిండుపప్పులో పడనివ్వని మనిషి ఆమె.

తవిటమ్మ కళ్లు తెరిచి, నీళ్లు తాగి, మూసిన రేవుతో మొదలుపెట్టింది. ఇదే షెడ్డు, ఇదే పొగ, ఇవే జీడినూనెకు కాలి నల్లబడ్డ చేతులు. ఒక్కరి పనీ పోలేదు. రాజులమ్మ అప్పుడూ అందర్నీ తిడుతూనే ఉంది.

"పదేళ్లకీ నాను తిడతానే ఉన్నానా?" అంది రాజులమ్మ. షెడ్డులో అందరికన్నా పెద్దది, నోరు కూడా పెద్దదే.

"ఇంకా ఎక్కువే అప్పా."

అందరూ నవ్వారు. తెరిచిన రేవు గురించి చెబుతుంటే ఆ నవ్వు సన్నగిల్లింది. ఒలిచిన పప్పు అవతలి ఒడ్డు నుంచి చవకగా దిగుతోందట. షెడ్డు గోదాం అయిపోయిందట. సగం మందికి రేవులో మంచి పని, సగం మందికి ఏ పనీ లేదు. మందులు, బట్టలు అందరికీ అందుబాటులో ఉన్నాయి. అక్కడిదాకా చెప్పి తవిటమ్మ ఆగిపోయింది.

"మింగీకు. సెప్పు," అంది రాజులమ్మ.

"మా హైమకి ఒక పాప పుట్టీసింది. అవతలొడ్డు అల్లుడు. పాపకి మూడేళ్లు. దాని జుట్టు ముట్టుకున్నాను అప్పా, మెత్తగా తగిలింది నా ఏళ్లకి."

జీడినూనె తినేసిన ఆ వేళ్లకు స్పర్శ పోయి చాలా ఏళ్లయిందని అక్కడ అందరికీ తెలుసు. కూతురు హైమకు ఇరవై ఏళ్లు. పడవల మోటార్లు బాగుచేయడం నేర్చుకుంటోంది. తవిటమ్మకు ఆ పిల్ల తప్ప ఎవరూ లేరు.

"నాను తూకం సెప్పనేను," అంది తవిటమ్మ ఏడుస్తూ. "నా మనసు ఒక పక్కకి ఒరిగిపోనాది. నా మాట మీద ఓటెయ్యకండి."

"అంటే రేవు మూసీస్తే ఆ గుంట పుట్టదన్నమాట," అంది రాజులమ్మ.

మర్నాడు నలభై ఓట్లలో ఇరవై మూడు తెరిచిన రేవుకే పడ్డాయి. ఈ వయసులో ఇంకో పని దొరకదని బాగా తెలిసిన రాజులమ్మ ఓటు కూడా అందులో ఉంది. ఎనిమిది దేశాల్లోనూ ఒప్పందమే నెగ్గింది.

వారం తర్వాత బిళ్లలు తీసుకుపోవడానికి కలతూకం ఉద్యోగి కూర్మారావు వచ్చాడు. అల్లుడిది ఏ దేశమో కాస్త చూసి చెప్పమని తవిటమ్మ సిగ్గుపడుతూ అడిగింది. అతను చేతిలోని తెరపలక మీద వెతికి, నొచ్చుకుంటూ తలెత్తాడు.

"ఆ పాప లెక్కలోది కాదమ్మా. పని, ధరలు, ఆరోగ్యం, ఇంతవరకే యంత్రం లెక్క కడుతుంది. ఇల్లు బోసిగా ఉంటే కల కనేవాళ్లు బెదిరి మధ్యలోనే లేచిపోతారు. అందుకని ఎవరో ఒకర్ని వేస్తుంది. నింపుడు బొమ్మ అంటాం మేము."

"మరి ముందే సెప్పనేదేటి బాబూ?"

"ఓటు దానిమీద వేస్తారని మేమనుకోలేదమ్మా."

ఆ మాట తవిటమ్మ కడుపులోనే దాచుకుంది. షెడ్డులో చెప్పాలని రోజూ బయల్దేరేది, వాళ్ల మొహాలు చూసి ఊరుకునేది. రెండేళ్లకు షెడ్డు మూసేశారు.

యంత్రం అబద్ధమాడలేదు. చవక మందులతో రాజులమ్మ మోకాళ్లు బాగుపడ్డాయి, నడిచి వెళ్లడానికే పని లేదు. కొందరు రేవులో కుదురుకుని ఇళ్లు కట్టుకున్నారు, కొందరు ఊరు విడిచారు. నాలుగో ఏట ఒక ఉదయం టీ గ్లాసు వేళ్లకు చురుక్కుమంటే తవిటమ్మ కెవ్వుమని, వెంటనే పగలబడి నవ్వింది. హైమ రేవులో పేరున్న మెకానిక్ అయింది. పెళ్లి ఊసెత్తితే "నాకిలాగే బావుందే అమ్మా" అనేది. నిజంగానే బావుంది.

ఆ కల కని సరిగ్గా పదేళ్లు నిండిన రోజు మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. హైమ తీసింది. వాకిట్లో షెడ్డు ఆడవాళ్లు ముప్పై ఒక్క మంది నిలబడి ఉన్నారు. గాజులు, మిఠాయిలు, రాజులమ్మ చేతిలో తాను కుట్టిన పసుపు గౌను.

"ఏదే, పిల్ల పడుకుందా?" అంది రాజులమ్మ లోపలికి తొంగిచూస్తూ. షెడ్డు మూతపడి అందరూ చెదిరిపోయాక పెళ్లి కబురు తమదాకా రాలేదంతే అనుకుంటూ వచ్చింది పాపం.

తవిటమ్మ బయటికి వచ్చి, గుమ్మం పట్టుకుని అంతా చెప్పేసింది. కూర్మారావు మాట, తాను దాచిన పదేళ్లు, అన్నీ. "పుట్టని పిల్ల కోసం మీ నోటికాడ కూడు తీసీసినాను. నన్ను సంపీయండి," అంది.

ఎవరో ముక్కు చీదారు. రేవులో ఉద్యోగం ఉన్న ఒకామె, లేని పక్కామె చెయ్యి పట్టుకుంది. రాజులమ్మ అరుగు మీద కూలబడి, గౌను ఒళ్లో పరుచుకుని చాలాసేపు దాని మడతలు సరిచేసింది. తిట్లు మొదలవుతాయని తవిటమ్మ తల వంచుకుంది.

"పేరేటి?" అంది రాజులమ్మ.

"ఎవులిది అప్పా?"

"ఆ గుంటదే. అప్పుడు సెప్పనేదు నువ్వు."

తవిటమ్మ తలెత్తింది. "పైడి."

రాజులమ్మ గౌను రెండు చేతులా ఎత్తి పట్టుకుని, ఇంట్లోకి వినబడేలా "పైడీ!" అని పిలిచింది. ముప్పై ఒక్క మందీ గుమ్మం వైపు చూశారు. హైమ కూడా వెనక్కి తిరిగి చూసింది.