గుర్తు పెట్టని అద్దాలు

తొమ్మిది రోజుల ముసురు ఆ తెల్లవారుజామున విడిచింది. మబ్బులన్నీ తూర్పున ఒక మూలకు జరిగి కుప్పగా నిలబడ్డాయి. మిగతా ఆకాశం కడిగిన పలకలా ఉంది. సగం చంద్రుడు నడినెత్తి దాటి పడమటికి వాలుతున్నాడు.

టైలరమ్మ కళ్ళలో మందు చుక్కలు వేసుకుంది. మంట తగ్గేదాకా మంచం అంచున కూర్చుంది. తర్వాత చంకలో టెలిస్కోపు, చేతిలో దాని మూడుకాళ్ళ స్టాండు పట్టుకుని డాబా ఎక్కింది. కింద ఆమె భర్త కళ్ళజోళ్ళ కొట్టు, దానిమీద రెండు గదులు, ఆపైన డాబా. గదుల నుంచి డాబాకు పద్నాలుగు మెట్లు. మెట్లకు ఎడమ పక్క ఆసరా లేదు. ఆమెకు కనిపించనిదీ ఎడమ పక్కే. అందుకని కుడి భుజం గోడకు రాసుకుంటూ ఎక్కుతుంది. దిగేటప్పుడు వెనక్కి తిరిగి నిచ్చెన దిగినట్టు దిగుతుంది. అప్పుడు కూడా గోడ కుడి పక్కే ఉంటుంది.

నాలుగు నెలల కిందట డాక్టరు చెప్పింది, కంట్లో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతిన్నదని. ఎడమ కన్ను చాలావరకు పోయింది. పోయింది తిరిగి రాదు. చుక్కలు వేసుకుంటే కుడి కన్ను నిలవొచ్చు, నిలవకపోవచ్చు. ఆ మాట విని వచ్చి ఆమె వారం రోజులు మామూలుగానే మిషను తొక్కింది. ఆ తర్వాత స్కూలు యూనిఫారాలు కుట్టిన డబ్బు చేతికి రాగానే, ఎవరినీ అడక్కుండా, ఈ టెలిస్కోపు తెచ్చుకుంది. మూరన్నర పొడవు తెల్ల గొట్టం. శనిగ్రహం చుట్టూ ఉండే వలయం ఇందులో కనిపిస్తుందని అమ్మినతను చెప్పాడు. చూపు ఉండగా దాన్ని ఒక్కసారి చూడాలి. ఆమె కోరిక అంతే.

వానకు ముందు రెండు సాయంత్రాలు చంద్రుణ్ణి చూసింది. గుంటల అంచుల్లో నీడలు కత్తెర పెట్టి కత్తిరించినట్టు ఉన్నాయి. బొమ్మ తలకిందులుగా ఉంటుంది. ముప్పై ఏళ్ళుగా బట్టను తిరగేసి కుడుతున్న మనిషికి అది వింతగా తోచలేదు.

ఈ పొద్దు చంద్రుడు అలా లేడు. గాజు మీద పాలు ఒలికినట్టు ఉన్నాడు. ఆమె గొట్టం పక్కనున్న చక్రం అటూ ఇటూ తిప్పింది. కన్ను తుడుచుకుంది. మళ్ళీ పెట్టింది. అంచు లేదు, గుంట లేదు, అంతా తెల్లటి మరక.

పక్కనున్న పీటమీద కూలబడింది. ఈ కన్ను కూడా పోయిందా? రాత్రికి రాత్రే?

వెలుగు వచ్చేదాకా అలాగే ఉండి, జాకెట్టుకు గుచ్చుకున్న సూది తీసింది. చీర చెంగు నుంచి ఒక పోగు లాగింది. ఎడమ కన్ను మూసి, పోగు కొస తడిచేసి, సూది బెజ్జానికి పెట్టింది. మొదటిసారికే దూరింది.

కన్ను బాగానే ఉంది. ఆమె లేచి టెలిస్కోపు ముందు వైపు వేలితో తడిమింది. అద్దాన్ని పట్టి ఉంచే రింగు మీద రెండు సన్నటి గీతలు తగిలాయి.

కొట్టులో కళ్ళజోళ్ళాయన అద్దాల బీరువా తుడుస్తున్నాడు. ఆయన తల్లి, పెద్దావిడ, గుమ్మం దగ్గర కుర్చీలో టీ తాగుతోంది.

"దీన్ని విప్పారా?" అంది టైలరమ్మ, టెలిస్కోపుతో దిగి వచ్చి.

ఆయన తలెత్తలేదు. "విప్పేదేంటి?"

"రింగు మీద గీతలున్నాయి. మీ పట్టకారు గీతలు. నాకు తెలీవా?"

"బాగుచేద్దామని చూశాలే. నీకెవడో డొక్కు సరుకు అంటగట్టాడు. ఎదురింటి నీళ్ళ ట్యాంకు చూస్తే, కాళ్ళు పైకి పెట్టి నిలబడింది. లోపల అద్దాలు తిరగేసి బిగించారు. నేనుండేది అద్దాల్లో. కొనేముందు నన్నొక మాట అడిగావా?"

"అది తలకిందులుగానే చూపిస్తుంది. దాంతో వచ్చిన పుస్తకంలో మొదటి పేజీలోనే ఉంది."

"పుస్తకం ఎవడు చదువుతాడు?"

"ఆకాశంలో పైన ఏది, కింద ఏదండీ?"

పెద్దావిడ గ్లాసు దించింది. "ఒరే, అడుగుతోందిగా, చెప్పరా. చంద్రుడి కాళ్ళెటున్నాయి, తలెటుంది?"

"నువ్వు ఊరుకో అమ్మా."

జరిగింది ఇదీ. కళ్ళజోడులోంచి అద్దం ఊడదీసే ముందు ఆయన కుడి అద్దం మీద నీలం పెన్నుతో చుక్క పెడతాడు. ఒక్కసారి కూడా మరవలేదు. ఆ చుక్క మీద నమ్మకంతోనే కొట్టు నడిచింది. ముసురు రోజుల్లో టెలిస్కోపు రింగు విప్పితే ఒకదాని వెనక ఒకటిగా రెండు అద్దాలు బయటికి వచ్చాయి. అందులో కుడీ లేదు, ఎడమా లేదు. అందుకని చుక్క పెట్టాలని ఆయనకు తోచలేదు. తుడిచాడు, మార్చాడు, తిప్పాడు. ట్యాంకు కాళ్ళు పైకే ఉన్నాయి. చివరికి గుర్తున్నట్టు బిగించి, పెట్టెలో పెట్టేశాడు. గుర్తున్నది తప్పు.

"అయినా ఇప్పుడు అదంతా ఎందుకు?" అన్నాడాయన. "అమ్మాయి వస్తోంది. వాపసు గడువు ఇవాళ్టితో ఆఖరు. పెట్టెలో సర్ది ఇచ్చెయ్."

ఆమె టెలిస్కోపును బీరువా మీద పెట్టలేదు. పిల్లను ఎత్తుకున్నట్టు చంకలోనే ఉంచుకుంది. "మీరిద్దరూ ఎప్పుడు మాట్లాడుకున్నారు?"

జవాబు రాకముందే వీధిలో కారు ఆగింది. నెత్తిన పసుపు బోర్డు ఉన్న కారు. కూతురు కార్లు నడపడం నేర్పుతుంది. ఇంట్లో కూడా ఎవరినైనా కుదురుగా కూర్చోబెట్టి, బెల్టు బిగించి మాట్లాడినట్టే మాట్లాడుతుంది.

"అమ్మా, పెట్టె ఎక్కడ? బట్టలు కూడా సర్దుకో. కొన్నాళ్ళు మా ఇంట్లో ఉందువు గానీ. మాది కింద వాటా. మెట్ల గొడవ లేదు."

"నేను రాను."

"నీకు ఎడమ పక్క కనపడదమ్మా! అట్లాంటివాళ్ళకు నేను స్టీరింగే ఇవ్వను. నువ్వేమో చీకట్లో డాబా ఎక్కుతున్నావు. పడితే?"

"పడితే లేస్తాను."

"లేవలేకపోతే?"

"అప్పుడు మోసుకుపో. ఈలోపల నన్ను పార్శిలు కట్టకు."

పెద్దావిడ కిసుక్కున నవ్వింది. కూతురు ఆవిడ వైపు తిరిగింది. "నానమ్మా, నువ్వైనా చెప్పకపోగా నవ్వుతావేంటి?"

"ఏం చెప్పమంటావే? నాకు ఎనభై. నన్ను నాలుగేళ్ళుగా ఈ కొట్టు వెనక గదిలోంచి ఈ కుర్చీదాకా తప్ప ఎక్కడికీ పోనివ్వలేదు మీ నాన్న. భద్రంగానే ఉన్నా. గోడక్కొట్టిన మేకు కూడా భద్రంగానే ఉంటుంది."

కళ్ళజోళ్ళాయన గుడ్డ విసిరికొట్టాడు. "అందరూ నన్నే అనండి! చూసీ చూసీ ఉన్న కన్ను కూడా పోగొట్టుకుంటే రేపు నేనేం చెయ్యాలి?"

"చూస్తే కన్ను అరగదు. నేను డాక్టర్నే అడిగాను. మూసుకుని కూర్చుంటే మిగలదు కూడా." టైలరమ్మ గొంతు పెంచలేదు. అందుకే ఆయనకు భయం వేసింది. "ఎడమ పక్క మసకగా ఉందని రెండేళ్ళ కిందట మీకు చెప్పాను. ఏం చేశారు?"

"నెంబరు మార్చాను."

"ఎన్నిసార్లు?"

ఆయన వంగి గుడ్డ తీశాడు. "మూడుసార్లు."

"నాలుగోసారి చెప్తే?"

"వయసన్నాను."

కూతురు తండ్రి వైపు చూసింది. ఈ సంగతి ఆమెకు ఇప్పటిదాకా తెలియదు.

"అప్పుడు మీ మాట విన్నాను. అద్దాల్లో ఉన్న మనిషి, ఈయనకు తెలీదా అనుకున్నాను. ఇక వినను. ఈ కన్ను నాది. ఇది ఉన్నన్నాళ్ళు దేన్ని చూడాలో నేనే తేల్చుకుంటాను. వాపసూ లేదు, బట్టలు సర్దడమూ లేదు."

ఆ తర్వాత ఆమె ఎవరినీ బతిమాలలేదు. పై గదిలో గుడ్డ కత్తిరించే బల్ల ఖాళీ చేసి తెల్ల గుడ్డ పరిచింది. గొట్టం దానిమీద పెట్టింది. మెట్ల దగ్గరికి వచ్చి కిందికి పిలిచింది. "పట్టకారు తీసుకుని పైకి రండి."

ఆయన వచ్చాడు. కూతురు వెనకే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"రెండు అద్దాలు. ఒక్కోదానికి రెండు మొహాలు. ముందు ఏదైనా ఉండొచ్చు. మొత్తం ఎనిమిది తీర్లు," అంటూ టైలరమ్మ సుద్దముక్కతో బల్ల అంచున ఎనిమిది గీతలు గీసింది. "అన్నీ చూద్దాం. మీరు మార్చండి, నేను చెప్తాను."

కిటికీలోంచి ట్యాంకు కనిపిస్తుంది. దాని ఇనప నిచ్చెన బోల్టుల మీద గురి పెట్టింది. ఆయన బిగించాడు. ఆమె చూసింది, తల అడ్డంగా ఊపింది. విప్పాడు, తిప్పాడు, బిగించాడు. రెండు తీర్లలో అద్దాలు ఒకదాని మీద ఒకటి కూర్చోనే లేదు. ఒక్కో గీతా చెరిపేస్తూ వచ్చింది.

"ఇది బాగుందా, ఇందాకటిదా?" అన్నాడాయన ఐదోసారి. కొట్టులో కుర్చీలో కూర్చున్న ప్రతివాళ్ళనూ అడిగే మాట అది. నోటికి అలవాటైన ఆ మాట ఈసారి ఆయన చెవికే వేరేగా వినిపించింది. చేతులు ఆగిపోయాయి.

"నేను ఎప్పుడూ ఎదురుగా ఉన్న అక్షరాలే అడిగాను," అన్నాడు. "అవి నువ్వు అన్నీ చదివేదానివి. పక్కన ఏమైనా కనిపిస్తోందా అని ఒక్కసారి అడగలేదు."

"అడగలేదు."

ఆయన కళ్ళలో నీళ్ళు నిండాయి. అద్దం మీద పడకుండా మొహం పక్కకు తిప్పుకున్నాడు. కూతురు ఒకడుగు ముందుకు వేసింది. టైలరమ్మ చెయ్యెత్తి ఆపింది.

"ఏడ్చేది తర్వాత ఏడవండి. ముందు ఆరోది బిగించండి."

బిగించాడు. ఆమె కన్ను పెట్టి చక్రం నెమ్మదిగా తిప్పింది. కొంచెం వెనక్కి తిప్పింది.

"ఏంటమ్మా?" అంది కూతురు.

"తుప్పు. పై బోల్టుకు తుప్పు పట్టింది. మర చుట్లు కూడా కనిపిస్తున్నాయి."

ఆయన మళ్ళీ రింగు వదులు చేసి, రెండు అద్దాల అంచుల మీద ముందు వైపు నీలం చుక్కలు పెట్టాడు. తర్వాత రింగు బిగించాడు. చుక్కలు కుదురుగా పడ్డాయి.

సాయంత్రం కూతురు ఇంటికి వెళ్ళలేదు. సున్నం కలిపి మెట్ల అంచులకు తెల్లటి పట్టీ పూసింది. "నేను ఒప్పుకున్నానని కాదు," అని ప్రతి మెట్టుకూ ఒకసారి అంది. పొద్దు గూకగానే టైలరమ్మ ఆ అంచులు చూసుకుంటూ ఎక్కింది. పుస్తకంలో చెప్పిన చోట, చుక్కల్లో మిణుకుమనకుండా నిలకడగా వెలిగేదాన్ని వెతికి పట్టుకుంది. గొట్టం కొస దాని వైపు తిప్పి చాలాసేపు తంటాలు పడింది. చుక్క అద్దంలోకి వచ్చినట్టే వచ్చి జారిపోయేది. మళ్ళీ వెతికేది.

చివరికి చిక్కింది.

చిన్నది. చొక్కా గుండీ కంటే చిన్నది. దాని చుట్టూ వలయం, ఎక్కడా అతుకు లేకుండా.

ఎవరినీ పిలవలేదు. అది జారిపోయేదాకా చూసింది, మళ్ళీ పట్టుకుని చూసింది. ఆ తర్వాతే పక్కకు జరిగి భర్తకు చోటిచ్చింది. ఆయన వంగి చూసి, చాలాసేపటికి లేచాడు. కూతురికి చోటిచ్చాడు. కూతురు చూసింది, రెండోసారి చూసింది.

"భోజనానికి దిగుదామా?" అంది కూతురు మెల్లగా.

"మీరు తినండి. అది గోడ చాటుకు పోయేదాకా నేను కదలను."

కింద నుంచి పెద్దావిడ గొంతు వినిపించింది. "నేను పైకి వస్తున్నా. ఎవరైనా అడ్డం వచ్చారంటే ఈ కర్రతో కొడతా."

దిగి వచ్చిన కొడుకు భుజం పట్టుకుని, మెట్టు మెట్టుకూ ఆగి, ఆవిడ నాలుగేళ్ళ తర్వాత డాబా ఎక్కింది. గొట్టంలో చూసి, "ఇంతేనా?" అంది. వెంటనే మళ్ళీ వంగి చాలాసేపు చూసింది.

కూతురు అన్నం గిన్నె, కూర, పళ్ళాలు పైకే తెచ్చింది. దీపం వేయబోతే టైలరమ్మ వద్దంది. నలుగురూ చాపమీద కూర్చున్నారు. చీకట్లో పళ్ళెం చేతికి తెలిసింది, ముద్ద వేళ్ళకు తెలిసింది, నోరు ఎక్కడుందో చేతికి తెలిసింది. టైలరమ్మ పైకి చూస్తూ తింటోంది. కళ్ళజోళ్ళాయన తన జోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకుని ఒక ముద్ద కలిపి తిన్నాడు. ఇంకో ముద్ద తిన్నాడు. మెతుకు కూడా కింద పడలేదు.