పక్కనే ఉండు

పాలు పొంగకముందే పొయ్యి తగ్గించి ఫర్జానా వంటింట్లోంచి తొంగిచూసింది. ముందుగదిలో అత్తగారు హమీదా అప్పటికే నేలమీద చాప పరిచేసింది. మంచంమీద భర్త సుహైల్ కళ్ళు గట్టిగా మూసుకుని పడుకున్నాడు.

"దొంగనిద్ర చాలుగానీ దిగరా," అంది హమీదా.

"ఇవాళ వద్దమ్మీ. నడుం పట్టేసింది."

"నిన్నా ఇదే మాట చెప్పావు."

సుహైల్ పెడన నుంచి కలంకారీ బట్టల మూటలను మినీ వ్యానులో విజయవాడ షాపులకు చేరవేసేవాడు. వానాకాలంలో ఒకరోజు మూట దించుతూ తడి అరుగుమీద జారి వెల్లకిలా పడ్డాడు. ఎముక విరగలేదుగానీ నడుము బాగా దెబ్బతింది. కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకున్నాక, ఇక కదలాలన్నారు డాక్టరు. ఇంట్లో చేసుకోవలసిన వ్యాయామాలు ఫిజియోథెరపిస్టు శ్రీదుర్గ దగ్గరుండి నేర్పింది. "నొప్పి కాస్త ఉంటుంది, భయపడకండి. కాలు తిమ్మిరెక్కితే మాత్రం ఆపేసి నాకు ఫోన్ చెయ్యండి," అని మరీమరీ చెప్పింది.

అయినా సుహైల్ తనంతట తాను మంచం దిగింది లేదు. దిగే అవసరం ఫర్జానా రానివ్వలేదు. టిఫిను మంచం దగ్గరికే వచ్చేది. అతను చిన్నగా మూలిగితే చాలు, చేతిలో పని వదిలేసి పరుగెత్తుకొచ్చేది.

ఆ ఉదయం హమీదా వదల్లేదు. కొడుకును నెమ్మదిగా చాపమీదికి దించి, మోకాళ్ళు మడిపించింది. "ఇప్పుడు నడుం పైకెత్తు. ఇంకొంచెం..."

"అమ్మీ!" అని అరిచాడు సుహైల్.

ఫర్జానా గరిటె పట్టుకునే వచ్చేసింది. "చాలు అత్తమ్మా! కన్నకొడుకేనా? పరాయివాళ్ళు కూడా ఇంత కఠినంగా ఉండరు."

"కాలు తిమ్మిరెక్కిందా?" కొడుకునే అడిగింది హమీదా. లేదన్నట్టు తలూపాడు. "మరింకేం! నువ్విలా అడ్డం పడుతుంటే వాడెప్పటికి లేస్తాడు ఫర్జానా?"

"అంటే నేను చేసే సేవ తప్పా?"

"తప్పే. నీ సేవే వాణ్ణి మంచానికి కట్టేస్తోంది."

హమీదా కొడుకును మంచంమీదికి చేర్చి, గబగబా పెరట్లోకి వెళ్ళిపోయింది. కొళాయి విప్పిన చప్పుడు వినిపించింది.

మొగుణ్ణి పట్టించుకుంటే కూడా మాటలు పడాలా? అటో ఇటో తేల్చుకుందామని ఫర్జానా వెనకే వెళ్ళింది. బకెట్టు నిండి నీళ్ళు పొర్లిపోతున్నాయి. గోడవైపు తిరిగిన హమీదా చీర కొంగు నోట్లో కుక్కుకుని వెక్కివెక్కి ఏడుస్తోంది.

"అత్తమ్మా!"

హమీదా ఉలిక్కిపడి ముఖం తుడుచుకుంది. "వాడరిస్తే నాకు కడుపు తరుక్కుపోదనుకున్నావా? నేనూ ఏడుస్తున్నానని తెలిస్తే వాడసలు ప్రయత్నించనే ప్రయత్నించడు. అందుకే కొళాయి విప్పుకుంటా."

ఫర్జానా కొళాయి కట్టేసి, అక్కడే చతికిలపడింది. "ఆ రోజు ఆయన్ని నలుగురు మోసుకొచ్చినప్పుడు ముఖం చూశానండీ. మళ్ళీ ఆ ముఖం చూడాల్సొస్తుందేమోనని నా భయం. పడుకునే ఉంటే కనీసం పడరు కదా అనుకుంటున్నా."

హమీదా కోడలి తలను పొట్టకు హత్తుకుంది. ఇద్దరూ చాలాసేపు ఏడ్చారు.

"ఫర్జానా!" లోపల్నుంచి పిలిచాడు సుహైల్.

ఇద్దరూ పరుగున వచ్చారు. పెరటి తలుపు తెరిచే ఉంది. అతను అంతా విన్నాడు. శ్రీదుర్గ చెప్పినట్టే పక్కకు ఒత్తిగిలి, కాళ్ళు మంచం దించుతున్నాడు. ఫర్జానా చేతులు చాచింది.

"పట్టుకోవద్దు. పక్కనే ఉండు," అన్నాడు.

మోచేతిమీద బరువు మోపి లేచి కూర్చున్నాడు. నుదుట చెమట పట్టింది. "అమ్మీ, రేపట్నుంచి నువ్వు కొళాయి దగ్గరికి పోవద్దు. ఇక్కడే కూర్చుని ఏడువు. నేను మానను."

ఏడుస్తూనే నవ్వింది హమీదా.

తరవాత కూడా నొప్పి ఎక్కువైన రోజులున్నాయి. శ్రీదుర్గకు ఫోన్ చేసి కొన్ని వ్యాయామాలు మార్చుకున్నారు, కొన్ని తగ్గించుకున్నారు. మానడం మాత్రం మానేశారు.

చలి మొదలయ్యాక ఒక శుక్రవారం సుహైల్ ఒక్కడే మసీదుకు నడిచివెళ్ళాడు. తిరిగొస్తూ వీధి మధ్యలో కరెంటు స్తంభం పట్టుకుని ఆగిపోయాడు. గుమ్మంలో నిలబడ్డ హమీదా గాభరాగా మెట్టు దిగబోయింది.

ఫర్జానా ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఆగండత్తమ్మా. ఆయనే వస్తారు."

సుహైల్ ఊపిరి పీల్చుకుని స్తంభం వదిలాడు. గుమ్మంలో ఉన్న ఇద్దర్నీ చూసి నవ్వి, అడుగు ముందుకు వేశాడు.