ఏడో మజిలీ దగ్గర కొవ్వొత్తి

దెయ్యాల నడకలో ఐదో మజిలీ పాత బావి. గైడ్ "ఆ తర్వాత వాణ్ణి ఎవరూ చూడలేదు" అన్న క్షణాన, గోధుమరంగు కోటు వేసుకున్న మనిషి ఒకడు ఆ బావి గట్టు దగ్గర మోకాళ్ళ మీద కూలబడి పక్కకి ఒరిగిపోయాడు. టూరిస్టులు చప్పట్లు కొట్టారు. టికెట్‌లో ఇది కూడా కలిసే ఉందనుకున్నారు. ఒకాయన ఫొటో తీసుకున్నాడు. ఒకావిడ "భలే నటించాడు" అని మెచ్చుకుని, శవాన్ని తప్పించుకుని ఆరో మజిలీకి నడిచింది.

గైడ్ మాత్రం అలవాటు ప్రకారం తలలు లెక్కపెట్టింది. బయలుదేరినప్పుడు ఇరవై రెండు. ఇప్పుడు ఇరవై ఒకటి. అయినా కథ ఆపలేదు. ఆపితే తర్వాత పడేది తానేనని ఆమెకు తెలుసు.

చచ్చిపోయినవాడు గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో సైఫర్, అంటే రహస్య లిపి, టైపిస్టు. ఇరవై ఆరేళ్ళు కిటికీలు లేని గదిలో కూర్చుని దేశం రహస్యాలన్నీ టైపు కొట్టాడు. అందరూ టైపు మాస్టారు అనేవారు. ఆయన సంతాప సభను డిపార్ట్‌మెంట్ నాలుగు నిమిషాల్లో ముగించింది. అందులో ఒక నిమిషం మైకు సరిచేయడానికే పోయింది.

గురువారం ఉదయం పదింటికి చీఫ్ గదిలో బ్రీఫింగ్.

"రా అల్లుడూ, కూర్చో."

ఏజెంట్ అసలు పేరు ఫైల్లో తప్ప ఎక్కడా లేదు. పద్నాలుగేళ్ళ కిందట, మొదటి మిషన్‌లో, ఒక ఆయుధాల వ్యాపారి ఇంట్లో మూడు నెలలు కొత్త అల్లుడిగా నటించి, అత్తగారు కొసరి కొసరి వడ్డించినవన్నీ తిని, మామగారి సేఫ్‌లో కాగితాలన్నీ ఫొటో తీసుకొచ్చాడు. అప్పట్నుంచి డిపార్ట్‌మెంట్ మొత్తానికీ అతను అల్లుడే. అల్లుడికి దొరికే మర్యాద ఒక్కటే దొరకలేదు.

"టైపు మాస్టార్ని చంపిందెవరు సార్?"

"ఇంకెవరు, పొరుగు దేశం గూఢచారుల రింగ్. అది తర్వాత చూద్దాం. శనివారం సాయంత్రం ఐదున్నరకి అదే నడక. అక్కడొక హ్యాండోవర్ ఉంది."

"ఆపాలా?"

"జరిపించాలి." చీఫ్ కళ్ళజోడు తుడుచుకున్నాడు. "వాళ్ళ దేశంలో మనకి పనిచేసే గూఢచారుల లిస్ట్. ముప్ఫై ఒక్క పేర్లు. అంతా బోగస్. అందరూ వాళ్ళ సొంత ఆఫీసర్లే. లిస్ట్ నమ్మారంటే వాళ్ళ మనుషుల్ని వాళ్ళే గోడకి నిలబెట్టి కాల్చుకుంటారు. మనం ఒక్క తూటా కూడా పేల్చనక్కర్లేదు."

"గైడ్ మన మనిషేగా?"

"మన మనిషే. వాళ్ళ మనిషి కూడా. డబుల్ ఏజెంట్. ఈ మధ్య మాట్లాడితే నా కళ్ళలోకి చూడట్లేదు. ఆవిడ చేతి లాంతర్లో కొవ్వొత్తి ఉంటుంది, దాని అడుగున లిస్ట్ ఉన్న మైక్రోఫిల్మ్. ఎవరైనా పట్టుకోబోతే కాలనిస్తే చాలు, సాక్ష్యం మిగలదు. ఏడో మజిలీకి చేరేసరికి రెండంగుళాలు మిగులుతుంది. అక్కడ లిస్ట్ కొనడానికి వచ్చే వాళ్ళ మనిషి అడుగుతాడు: ఈ ఊళ్ళో అన్నిటికంటే కొత్త దెయ్యం ఏది? ఆవిడ, ఇంకా పుట్టలేదు అంటుంది. అదే కోడ్. మంచి ప్రశ్న అడిగినందుకు బహుమతి అని చెప్పి, కొవ్వొత్తి ఆర్పి వాడి చేతికిస్తుంది. అంతే."

"ఆవిడ ఇవ్వకపోతే?"

"అందుకే నిన్ను పంపుతున్నది."

కింది అంతస్తులో పరికరాల గది. అక్కడుండేవాణ్ణి మేస్త్రీ అంటారు. అల్లుడికి తెల్లగడ్డం, ఇయర్‌పీస్, మైకు దాచిన చెవిటి మెషిన్, ఒక చేతికర్ర ఇచ్చాడు.

"పిడి కింద బటన్ ఉందండి. నొక్కితే కొనలోంచి విషపు సూది. ఏడు సెకన్లు, అంతే."

"బిగుసుకుపోయినట్టుందే."

"పోయిన శనివారం వాడి తెచ్చినప్పుడు బురద పట్టి ఉంది. కడిగాను, ఇంకా వదల్లేదు. ఇక్కడ సంతకం పెట్టండి."

రిజిస్టర్‌లో పై గీత మీద చీఫ్ సంతకం ఉంది. అల్లుడు దాని కింద తన సంతకం గీకాడు. చీఫ్‌కి మోకాళ్ళ నొప్పులు కదా, నడవడానికి తీసుకెళ్ళి ఉంటాడనుకున్నాడు. పద్నాలుగేళ్ళు గూఢచారిగా బతికినవాడి బుర్రకి అంతకు మించి తట్టలేదు.

శనివారం ఐదున్నరకి గడియారం స్తంభం కింద ఇరవై రెండు మంది పోగయ్యారు. అల్లుడు రిటైరైన పోస్ట్‌మాస్టర్ వేషంలో, నడుం కాస్త వంచి, వెనక నిలబడ్డాడు. ముందు వరసలో బూడిదరంగు టోపీ పెద్దమనిషి ఒకడున్నాడు. అందరూ గోడల్ని చూస్తుంటే అతనొక్కడే లాంతరుని చూస్తున్నాడు. కొనేవాడెవరో వేరే చెప్పనక్కర్లేదు.

గైడ్ నల్ల వెల్వెట్ గౌనులో, మెడకి ఎర్ర స్కార్ఫ్‌తో వచ్చింది. ఆమె వెనక్కి నడుస్తూ, గుంపు వైపు మొహం పెట్టి కథ చెబుతుంది. రాళ్ళ దారిలో ఒక్కసారి కూడా తడబడదు. మూడో మజిలీలో, కాలిపోయిన సత్రం ముందు, ఊతకర్ర పట్టుకున్న ముసలావిడ అడిగింది.

"అమ్మాయ్, ఇవన్నీ నిజంగా జరిగినవేనా?"

"కథకొక నిజం ఉంటుందండీ. అది మా పనిలో రూలు." గైడ్ తలుపు మీద ఇనుప గొళ్ళెం చూపించింది. "ఇది ముట్టుకోండి. ఇది నిజం. మంటల్లో వంగిపోయింది. ఇది ముట్టుకున్నాక మిగతా తొమ్మిది అబద్ధాలూ మీరే ఇంటికి మోసుకుపోతారు."

ముసలావిడ గొళ్ళెం ముట్టుకుని తృప్తిగా తల ఊపింది.

నాలుగో మజిలీకి వెళ్ళే సందు ఇరుకు. ఇద్దరిద్దరుగా నడవాలి. గైడ్ గుంపుని ముందుకి పంపి అల్లుడి పక్కకి చేరింది. చీఫ్‌కి వినపడకుండా అల్లుడు చెవిటి మెషిన్ మీద అరచెయ్యి నొక్కిపెట్టాడు.

"కర్ర కొత్తదా?" అంది.

"పాతదే."

"తెలుసు. పోయిన శనివారం చూశాను. ఈ గడ్డం కూడా. మీ చీఫ్‌కి కాస్త వదులైంది."

అల్లుడి కళ్ళ ముందు రిజిస్టర్ తెరుచుకుంది. పై గీత, తేదీ, సంతకం.

"ఎందుకు?" అన్నాడు.

"టైపు మాస్టారు నాకో మాట చెప్పడానికి వచ్చారు. నాలుగో మజిలీలో చెప్పారు. ఐదో మజిలీలో పోయారు. లిస్ట్‌లో ముప్ఫై అబద్ధాలు, ఒక్క నిజం."

"అన్నీ బోగస్ అని చీఫ్ చెప్పాడు."

"అన్నీ అబద్ధాలైతే కొనేవాడు నమ్ముతాడా? ఒక పేరు పట్టుకుని విచారిస్తే నిజమని తేలాలి. అప్పుడే మిగతా ముప్ఫై మందినీ కాలుస్తారు. నేను కథలకి వాడే రూలు మీ చీఫ్ మనుషులకి వాడాడు."

"ఆ ఒక్కరు ఎవరు?"

"పదిహేడో పేరు. వాళ్ళ యుద్ధమంత్రి ఇంట్లో బట్టలు కుట్టే ఆవిడ. ఎడమ మణికట్టు మీద కాలిన మచ్చ. ఆనవాలు కోసం అది కూడా టైపు చేయించాడట."

అల్లుడికి ఆరేళ్ళున్నప్పుడు పడిన మచ్చ అది. పొయ్యి మీది పాలగిన్నె తన మీదకి ఒరుగుతుంటే అక్క చెయ్యి అడ్డం పెట్టింది. బావ పోయాక ఒంటరిగా ఉన్న అక్కని డిపార్ట్‌మెంట్‌లో చేర్పించింది తనే. రెండేళ్ళే అక్కా, తర్వాత నేనే వచ్చి తీసుకొస్తానన్నాడు. తొమ్మిదేళ్ళయింది. ఏటా చీఫ్ "వచ్చే ఏడు" అన్నాడు, ఏటా అతను "సరే సార్" అన్నాడు. చీఫ్ మీద ఎంత కోపం వచ్చిందో, తన మీద తనకి అంతకంటే ఎక్కువ అసహ్యం వేసింది.

"ఆవిడ మా అక్క," అన్నాడు.

గైడ్ మొదటిసారి తడబడింది. "నాకు తెలీదు. తెలిస్తే మెల్లగా చెప్పేదాన్ని." కొంచెం ఆగి, "ఏడో కథ పొడుగ్గా చెప్తాను. లాంతరు తలుపు తీసి పెడతాను, గాలికి త్వరగా కరుగుతుంది. ఎవర్నీ ఆర్పనివ్వకండి," అంది.

ఐదో మజిలీ దగ్గర కథ పది నిమిషాలు సాగింది. ఆరో మజిలీ దగ్గర పన్నెండు. చీఫ్ గొంతు చెవిలో బుసకొట్టింది. "ఏమిటీ ఆలస్యం? కొవ్వొత్తి ఎంతుంది?"

"కావలసినంత ఉంది సార్," అన్నాడు అల్లుడు. దగ్గుతున్నట్టు చెయ్యి అడ్డం పెట్టుకుని.

ఏడో మజిలీ మూతపడ్డ కోర్టు మెట్లు. గైడ్ లాంతరుని పై మెట్టు మీద పెట్టి గాజు తలుపు తెరిచింది. ఒక్క అంగుళం మిగిలింది. టోపీ పెద్దమనిషి గొంతు సవరించుకున్నాడు.

"ఈ ఊళ్ళో అన్నిటికంటే కొత్త దెయ్యం ఏదండీ?"

"మంచి ప్రశ్న," అంది గైడ్. "దానికి సరిగ్గా వారం వయసు."

టోపీ పెద్దమనిషి నవ్వు సగంలో ఆగిపోయింది. చీఫ్ గొంతు మారింది. "కోడ్ తప్పింది. కర్ర వాడు. ఇప్పుడే."

"అనగనగా ఒక టైపిస్టు," అంది గైడ్. "పై అధికారి ఇచ్చినవన్నీ కళ్ళు మూసుకుని టైపు కొట్టేవాడు. ఒకరోజు ముప్ఫై ఒక్క పేర్ల లిస్ట్ ఇచ్చారు. ముప్ఫై పేర్లు అబద్ధం. శత్రువుకి అమ్మడానికి. నమ్మకం కుదరాలని ఒక్క పేరు నిజంది కలిపారు. సొంత మనిషిని. టైపిస్టు ఆ రోజు మొదటిసారి కళ్ళు తెరిచి చదివాడు."

"అల్లుడూ, వినపడుతోందా? సూది!"

కొవ్వొత్తి అర అంగుళానికి దిగింది. మైనం మెట్టు మీదకి కారుతోంది. అల్లుడు కర్ర పైకెత్తాడు. గైడ్ కర్రని చూసింది, కథ ఆపలేదు. అతను ఆ కర్రతో జనాన్ని తోసుకుని ముందుకెళ్ళి, ముసలి గొంతుతో అడిగాడు.

"ఆ టైపిస్టుకి ఎవరైనా ఉన్నారా అమ్మా?"

"ఒక కూతురండీ. మీ నాన్న గుండె ఆగి పోయాడని చెప్పి పంపేశారు."

"అయ్యో," అంది ముసలావిడ. "మరి చంపిందెవరు?"

"ఎవరి కోసం ఇరవై ఆరేళ్ళు పనిచేశాడో వాళ్ళే."

టోపీ పెద్దమనిషికి లెక్క అప్పటికి తెలిసొచ్చింది. ముప్ఫై పేర్లు చెత్త, సరే. కానీ ఒకటి నిజం, అది ఈ మంట కిందే ఉంది. "ఆ బహుమతి నాదేగా" అంటూ లాంతరు మీదకి వంగబోయాడు. అతని కుడి బూటు మీద ఏదో బరువు పడింది. కిందకి చూశాడు. చేతికర్ర కొన.

"బటన్ నొక్కితే ఏడు సెకన్లు," అన్నాడు అల్లుడు అతని చెవి దగ్గర, మర్యాదగా. "కథ అంతకంటే ముందే అయిపోతుంది. నిలబడి వినండి."

టోపీ పెద్దమనిషి కదల్లేదు. మంట మైనంలోకి కుంగి, నీలంగా మారి, ఒక్కసారి భగ్గుమంది. కాలిన ఫిల్మ్ వాసన మెట్ల మీద పరుచుకుంది. ఆ వెంటనే వత్తి ఆరిపోయింది.

"వాడి దెయ్యం ఇదిగో, ఇప్పుడే వెళ్ళిపోయింది," అంది గైడ్.

అందరూ చప్పట్లు కొట్టారు. పోయిన వారంకంటే గట్టిగా కొట్టారు.

జనం సర్దుకుంటుండగా చీఫ్ గొంతు నెమ్మదిగా వచ్చింది. "ముప్ఫై మంది శత్రువుల్ని బతికించావు. ఒక్క కుట్టుపనిదాని కోసం."

"ఆవిడ మా అక్క సార్."

"తెలుసు. ఆవిడకి చూపు తగ్గింది, ఇంకెన్నాళ్ళో పనికొచ్చేది కాదు. నిన్ను పంపడానికి కారణం కూడా ఉంది. నువ్వెప్పుడూ నా మాట దాటలేదు." నిట్టూర్పు వినిపించింది. "సరేలే. లిస్ట్ మళ్ళీ తయారు చేయిస్తాను."

"చేయించండి సార్. వాళ్ళ సైఫర్‌లో టైపు కొట్టేవాడు మనకి ఒక్కడే ఉండేవాడు."

అల్లుడు చెవిటి మెషిన్ తీసి, ఇంకా మెత్తగా ఉన్న మైనంలో గుచ్చాడు. తర్వాత గడ్డం కూడా పీకేశాడు.

"ఇప్పుడెక్కడికి?" అంది గైడ్.

"సరిహద్దుకి. ఏడేళ్ళు ఆలస్యంగా. అక్క తలుపు తీస్తుందో, చెంప పగలగొడుతుందో."

"రెండూ చేస్తుంది. పదండి, నాకూ ఇక్కడ పని లేదు." అన్నది గానీ, ఆమె అలవాటు మానలేదు. వేలు చూపిస్తూ తలలు లెక్కపెట్టింది. ఇరవై ఒకటి. టోపీ పెద్దమనిషి కనిపించలేదు. ఈసారి తగ్గినవాడు తన కాళ్ళ మీద తను వెళ్ళిపోయాడు.

ముసలావిడ ఊతకర్ర తాటించుకుంటూ వచ్చింది. పోస్ట్‌మాస్టర్ గారి గడ్డం ఏమైందో ఆవిడ గమనించలేదు.

"ఆరు కథలూ బాగున్నాయి అమ్మాయ్. ఆ ఏడోది మాత్రం తీసెయ్. సొంత మనుషుల్ని ఎవరైనా అలా అమ్ముకుంటారా? బొత్తిగా నమ్మేలా లేదు."

గైడ్ అల్లుడి వైపు చూసింది.

"నేనూ మీలాగే అనుకున్నానండీ," అన్నాడు అతను. "పద్నాలుగేళ్ళు."